ఆల్డర్సన్ల రాతిబల్ల

వాన పడుతుంటే బాల్‌పెన్ను మొండికేస్తుంది. అందుకే నోరా టింకలర్ ఎప్పుడూ పెన్సిలే వాడుతుంది. ఒకటి చేతిలో, ఇంకొకటి కోటు జేబులో. ఆ మంగళవారం ఆమె సెయింట్ ఆస్వాల్డ్ చర్చి వాకిట్లో, తలుపుకు కుడిపక్కన నిలబడి, కాగితాల అట్ట తడవకుండా కోటు రెక్క కింద పెట్టుకుని, లోపలికి వెళ్ళేవాళ్ళను ఒక్కొక్కరినే ఆపుతోంది.

“పేరు?”

“నా పేరు నీకు తెలీదా నోరా? నిన్ననేగా నా కొట్లో క్యాబేజీ కొన్నావు!”

“తెలుసు. అయినా చెప్పు.”

“బెట్టీ పీకాక్. చాలా?”

“ఎవరి తరఫున?”

“నా తరఫున, మా ఆయన తరఫున. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. రాలేకపోయినందుకు సిగ్గుపడుతున్నాడని కూడా రాసుకో.”

“అది రాయను,” అని నోరా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

కెల్‌బెక్‌లో ఎవరు పోయినా ఇంతే. అంత్యక్రియలకు వచ్చిన ప్రతివారి పేరూ, ఎవరి తరఫున వచ్చారో ఆ ముక్కతో సహా, శుక్రవారం ‘హెరాల్డ్’ పత్రికలో పడాలి. ఈ తలుపు దగ్గరే, ఇంకా పెళ్ళి కాని రోజుల్లో, నోరాకు ఈ పని నేర్పింది పత్రిక సంపాదకురాలు మిస్ ఆల్డర్సన్. “తెలిసినవాళ్ళని కూడా అడుగు. తెలుసనుకున్న చోటే తప్పు రాస్తాం,” అనేది. ఇవాళ లోపల శవపేటికలో ఉన్నది ఆవిడే.

గంటలు కొట్టేవాళ్ళ తరఫున ఇద్దరు వచ్చారు. కూరగాయల మళ్ళ సంఘం తరఫున ఒకాయన, చేతిలో ఉల్లికాడల్లాంటి లీకుల కట్టతో వచ్చాడు. డాక్టరుగారి భార్య తన పేరు చెప్పి, రాసింది సరిగ్గా ఉందో లేదో వంగి చూసి మరీ వెళ్ళింది. తర్వాత జెబ్ కాల్వర్ట్ వచ్చాడు. ఇంకొకరి అడవిలో వాళ్ళకు తెలియకుండా కుందేళ్ళు పట్టడమే అతని జీవనం. టోపీ తీసి చేత్తో పిండాడు. నీళ్ళు కారాయి.

“కోర్టులో నిలబెట్టిన ప్రతిసారీ నా పేరు పేపర్లో వేసింది మహాతల్లి. ఒక్కసారీ తప్పు వెయ్యలేదు.”

“ఎవరి తరఫున జెబ్?”

“కుందేళ్ళ తరఫున.”

“చర్చి వాకిట్లో వేళాకోళమా?”

“వేళాకోళం కాదు పిల్లా. నేను జైల్లో ఉన్నన్నాళ్ళూ అవి హాయిగా బతికాయి. ఆవిడకి రుణపడి ఉన్నాయి.”

నోరా నవ్వు ఆపుకుని రాసుకుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది కూడా మిస్ ఆల్డర్సన్ పాఠమే.

అందరికన్నా ఆఖరున గ్రేమ్ హోల్రాయిడ్ వచ్చాడు. పత్రిక కొన్న కంపెనీ నగరం నుంచి పంపిన కొత్త ఎడిటరు. వచ్చి ఏడాది దాటింది కానీ, ఊళ్ళో ఇప్పటికీ ‘ఆ కొత్తబ్బాయి’ అనే అంటారు.

“పేరండీ?”

“నాదా?” అతను గొడుగు దులిపాడు. “నేను పనిమీద వచ్చానండీ. నాది అక్కర్లేదు.”

ఆమె పెన్సిలు గాల్లోనే ఉండగా అతను లోపలికి వెళ్ళి, చివరి స్తంభం వెనక నిలబడ్డాడు.

కెల్‌బెక్ జనం చర్చిని ఎప్పుడూ వెనక నుంచే నింపుకొస్తారు. ఆ రోజు వెనక వరుసలు నిండి, మధ్య వరుసలు నిండి, పక్కన గోడవెంట కూడా నిలబడ్డారు. మొదటి వరుస మాత్రం ఖాళీ. అది చుట్టాలది. మిస్ ఆల్డర్సన్‌కు చుట్టాలు లేరు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడు యుద్ధంలో పోయాడు. పాట అందుకున్నప్పుడల్లా నోరా కళ్ళు ఆ ఖాళీ బల్ల మీదికే పోయాయి. అక్కడ ఎవరూ కూర్చోకుండా పాదిరిగారు పెట్టిన తెల్ల అట్టముక్క అలాగే ఉంది.

ఖననం దక్షిణపు గోడ దగ్గర, ఆల్డర్సన్ల సమాధిలో. ఊళ్ళో పిల్లాడికి కూడా తెలిసిన సమాధి అది. నాలుగు పక్కలా ఇసుకరాతి పలకలు. వాటి మీద ఆల్డర్సన్ల పేర్లు, ప్రతి పేరు కింద ‘అచ్చుపనివాడు’ అన్న మాట. ఉత్తరం వైపు పలక ఒక్కటే నున్నగా, మిస్ ఆగస్టా ఆల్డర్సన్ కోసం ఖాళీగా ఉంది. పైన మాత్రం ఇసుకరాయి కాదు, నల్లటి పలకరాయి. పత్రిక పెట్టిన జోసయా ఆల్డర్సన్ తన అచ్చాఫీసులో పేజీలు అమర్చుకున్న రాతిబల్ల అది. చచ్చాక తన మీద అదే పెట్టమన్నాడు. కొనలేనివాళ్ళు చదువుకోవడానికి ప్రతి శుక్రవారం మొదటి ప్రతి దాని మీద పెట్టమన్నాడు. ఎగిరిపోకుండా ఏటి గులకరాయి ఒకటి పెట్టేవారు. కంపెనీ వచ్చాక ఆ రాయి మీదికి పత్రిక రావడం ఆగింది. గులకరాయి మాత్రం అక్కడే ఉంది. ఈ మధ్య కౌన్సిలువాళ్ళు పక్కన బోర్డు పాతారు: ‘చారిత్రక సమాధి. కూర్చోరాదు. వస్తువులు పెట్టరాదు.’

పేటిక దిగుతుంటే నోరా తల వంచుకుంది. స్తంభం వెనక నిలబడ్డ కుర్రాడు ఇక్కడా అందరికన్నా వెనకే, సమాధుల మధ్య ముదురాకుపచ్చటి యూ చెట్టు కింద, గొడుగు మూసుకుని తడుస్తూ నిలబడి ఉండటం ఆమె చూసింది. చూసి, పట్టించుకోలేదు.

*

బుధవారం పొద్దున ఆమె పేర్లన్నీ ఇంటిపేర్ల వరసలో సాపు రాసుకుని ‘హెరాల్డ్’ ఆఫీసుకు వెళ్ళింది. ఒకప్పుడు ఆ గుమ్మం ఎక్కితేనే ఇంకు వాసన ముక్కుకు తగిలేది. ఇప్పుడు కింద తివాచీ, ప్రకటనలు తీసుకునే కౌంటరు, ఒక మూల కుండీలో ప్లాస్టిక్ మొక్క. హోల్రాయిడ్ మర్యాదగా లేచి కుర్చీ చూపించాడు. అతని బల్ల మీద పాత ‘హెరాల్డ్’ ప్రతులు పేర్చి ఉన్నాయి. వాటి అంచుల నిండా ఎర్ర పెన్సిలు గీతలు. ఆ చేతిరాత నోరా ఎక్కడైనా గుర్తుపడుతుంది. ముసలితనంలో వృద్ధాశ్రమంలో పడుకుని కూడా మిస్ ఆల్డర్సన్ ప్రతి వారం పత్రికలో తప్పులు దిద్ది ఎడిటరుకు పంపేది. ‘పాపం, ఇతన్ని బాగానే ఏడిపించి ఉంటుంది’ అనుకుంది.

ఆమె ఇచ్చిన కాగితాలను అతను తిప్పి చూసి, మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

“మిసెస్ టింకలర్, ఇవి వెయ్యలేనండీ.”

“జాగా లేదా? చిన్న అక్షరాల్లో వెయ్యండి. ఎప్పుడూ చిన్నవాటిలోనే వేసేవాళ్ళు.”

“జాగా మాట కాదు. పేజీలు నగరంలో తయారై వస్తాయి. అంత్యక్రియల పేర్లు ఇక వద్దన్నారు. ఏ ఊరి పేపర్లోనూ వెయ్యట్లేదు.” గొంతు తగ్గించాడు. “నిజం చెప్పండి, ఎవరు చదువుతారండీ ఇవి?”

దీనికి జవాబు నోరా దగ్గర ఎప్పటినుంచో ఉంది. అన్నయ్య ఏట్లో పడి పోయినప్పుడు అమ్మ పక్కన ముందు వరుసలో కూర్చున్నది తను. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. వెనక ఎవరున్నారో వాళ్ళకి తెలిసేది శుక్రవారం నాడే. ఆ శుక్రవారం అమ్మ వేలు పెట్టుకుని ఒక్కొక్క పేరూ పైకి చదివింది. చదివాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి టీ అడిగింది.

“ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు చదువుతారు బాబూ,” అంది నోరా.

హోల్రాయిడ్ కళ్ళు కాగితాల మీదికి దించాడు. “ముందు వరుస ఖాళీగా ఉంది కదండీ.”

అతను వెటకారంగా అనలేదు. అందుకే ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నోరా కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది. చేతిసంచి పిన్ను పడటానికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

ఇంటికి సూటిగా వెళ్ళకుండా చర్చి ఆవరణలోకి తిరిగింది. ఆల్డర్సన్ల సమాధి చుట్టూ మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. రాతిబల్ల మీద వాననీళ్ళు పలచగా నిలిచాయి. గులకరాయి చుట్టూ మాత్రం పొడిగా ఒక వలయం. ఆ అబ్బాయి చెప్పింది నిజమేనా ప్రభువా, అని ఆమె అడిగింది. చదువుకునేవాళ్ళే లేకపోతే పేర్లు ఎవరి కోసం? వచ్చినవాళ్ళకు వచ్చామని తెలుసు. పోయినావిడ నీ దగ్గరే ఉంది, నువ్వే చెప్పేసి ఉంటావు. మరి నాకెందుకీ పంతం?

ప్రభువు ఏమీ చెప్పలేదు. నోరా కాసేపు ఎదురుచూసి, గులకరాయిని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళింది.

*

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ‘హెరాల్డ్’ విప్పింది. ఎదురుగా విల్ఫ్ బంగాళాదుంపల మీద ఉప్పు చల్లుకుంటున్నాడు. విల్ఫ్ ఆమె భర్త. బడి మానిన రోజు నుంచీ, కంపెనీ కొత్త యంత్రాలు తెచ్చి అతన్ని ఇంటికి పంపేదాకా, ఆ పత్రికలో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్. ఆ తర్వాత ‘హెరాల్డ్’ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ముట్టుకోడు కానీ, నోరా చదివితే వింటాడు.

“ఏం వేశారు?”

“నాలుగు లైన్లు. టైర్ల కొట్టు ప్రకటన కింద.” నోరా కళ్ళద్దాలు సర్దుకుంది. “‘ఈ పత్రిక పూర్వపు యజమానురాలు మిస్ ఆగస్టా ఆల్డర్సన్ అంత్యక్రియలు మంగళవారం జరిగాయి. మిత్రులు హాజరయ్యారు.’”

“తర్వాత?”

“అంతే.”

“మిత్రులా?”

“మిత్రులట.”

విల్ఫ్ ఫోర్కు కింద పెట్టాడు. “డాక్టరు పెళ్ళాం మిత్రురాలా? ఆవిడ కుక్క పోలీసుని కరిస్తే అది కూడా వేసింది కదా మన ముసలమ్మ. జెబ్ కాల్వర్ట్ మిత్రుడా?”

“ఊరు ఊరంతా వచ్చింది విల్ఫ్. వానలో గోడవెంట నిలబడ్డారు. ఎవరూ రాని శవానికీ ఇదే మాట రాస్తారు.” నోరా పత్రికను బల్ల మీద పడేసింది. “చదివేవాళ్ళు లేరట! మూడు తరాలు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళ పేరూ పోయినవాళ్ళ పేరూ తప్పులేకుండా వేసిన మనిషి. ఆమె దగ్గరికి ఎవరొచ్చారో మాత్రం వెయ్యరు. ఆమె పత్రికలోనే వెయ్యరు!”

విల్ఫ్ దుంపలు చల్లారిపోతున్నా లేచి, పెరటి తలుపు తీసుకుని బట్టలుతికే కొట్టు వైపు వెళ్ళాడు. లోపల ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు వినిపించింది.

నోరా వెళ్ళి చూసింది. పాత దుప్పటి కింద ఇన్నేళ్ళుగా ముట్టుకోని అక్షరాల గళ్ళపెట్టెలు బయటపడి ఉన్నాయి. కంపెనీవాళ్ళు తుక్కు కింద పారేస్తుంటే విల్ఫ్ భోజనం సంచిలో రోజుకు కాసిని చొప్పున మోసుకొచ్చిన సీసపు అక్షరాలు. అతను గళ్ళలోని బూజు ఊదుతున్నాడు.

“అయిపోయింది, ఇక ముట్టుకోనన్నావుగా,” అంది.

“‘హెరాల్డ్’ని ముట్టుకోనన్నాను. వీటిని అన్లేదు. పేర్లు చదువు.”

ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. విల్ఫ్ ఎడమచేతిలో అక్షరాలు పేర్చే ఇనుప స్టిక్కు పట్టుకున్నాడు. కుడిచెయ్యి గళ్ళ మీద తిరగసాగింది. మొదట వేళ్ళు తడబడ్డాయి, ఒక అక్షరం నేలమీద పడింది, బూతుమాట ఒకటి వచ్చింది. తర్వాత టిక్కు టిక్కుమని అక్షరాలు ఇనుప అంచుకు తగిలే చప్పుడు ఒక లయలో పడింది. అతను గళ్ళ వైపు చూడట్లేదు. వాటికి పైన ఎక్కడో గోడలోకి చూస్తున్నాడు. కాపురం చేసిన ఇన్నేళ్ళలో అతను పనిచేస్తుంటే తను ఎప్పుడూ చూడలేదని నోరాకు అప్పుడు తట్టింది. లైను పూర్తవగానే బొటనవేలితో తడిమి, లైనుకూ లైనుకూ మధ్య సన్నటి సీసపు రేకు పెట్టి, ట్రేలోకి జార్చేవాడు.

సగంలో ఆగాడు.

“పెద్ద ‘ఎం’లు అయిపోయాయి.”

“అదేంటి?”

“ప్రతివాడికీ మిస్టరు, మిసెస్సు. దానికి తోడు ఊళ్ళో సగంమంది మెట్‌కాఫ్‌లు. తెచ్చుకున్నవి అన్నే ఉన్నాయి.” గడ్డం గోక్కున్నాడు. “మిస్టర్లూ మిసెస్సులూ తీసేస్తాను. మెట్‌కాఫ్‌లకి సరిపోతాయి.”

“డాక్టరుగారి భార్యని వట్టి పేరుతోనా? ఊరుకుంటుందా ఆవిడ?”

“జెబ్ కాల్వర్ట్ పక్కనే వస్తుంది. ఇంటిపేర్ల వరస నువ్వే రాశావు.”

నోరా తన కాగితం కేసి చూసింది. పైనున్నవాడి ముందు నిలబడినప్పుడు మిసెస్ అని పిలుస్తారా? పిలవరేమో. పాదిరిగారిని ఎప్పుడూ అడగలేదు.

“తీసెయ్,” అంది.

“కుందేళ్ళ తరఫున అని వెయ్యనా?”

“అతను అలాగే చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు వెయ్యి.”

టీ వేళకు సీసపు అక్షరాల పేజీ పూర్తయింది. చుట్టూ తాడు బిగించి, వంటింటి బల్ల మీదికి చేర్చి, రోలరుతో ఇంకు రాసి, తడికాగితం పరిచి, గట్టి బ్రష్షుతో కొట్టాడు విల్ఫ్. కాగితం లేపి చూశాడు. అంచుల్లో పేర్లు నల్లగా పడ్డాయి. మధ్యలో ఉన్నవాళ్ళు దెయ్యాల్లా వెలిసిపోయారు.

“బల్ల మధ్యలో గుంట,” అన్నాడు. “నీ పిండి పిసికీ పిసికీ.”

“అవునవును, తిన్నది మాత్రం ఎవరో.”

“దీని మీద కాదు నోరా. రాయి కావాలి. సమంగా, కదలకుండా ఉండే రాయి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రేపు శనివారం. సంతరోజు,” అంది నోరా. “అందరూ చర్చి ఆవరణలోంచే బస్సుకి వెళ్తారు.”

“బోర్డు పెట్టారుగా. వస్తువులు పెట్టరాదని.”

“అది ఆల్డర్సన్ల రాయి. దాని మీద పెట్టాల్సిన వస్తువేదో జోసయా ఆల్డర్సన్ ఎప్పుడో చెప్పాడు.”

*

తెల్లారి వాన తెరిపిచ్చింది. విల్ఫ్ తోటపని తోపుడుబండిలో పేజీని రొట్టెల పళ్ళెం మీద పెట్టి, పైన దుప్పటి కప్పి, పురిటి బిడ్డను తోసుకెళ్ళినట్టు తోసుకెళ్ళాడు. నోరా వెనక బకెట్టు, బ్రష్షులు, తడిగుడ్డలో చుట్టిన కాగితాలు మోసుకొచ్చింది.

మొదట రాతిబల్ల కడిగింది. మోకాళ్ళ మీద కూర్చుని నాచు గీకింది. చర్చి మెట్లు ఎన్నోసార్లు ఇలాగే కడిగింది కనుక చేతులకు పని తెలుసు. నాచు కింద నుంచి పలకరాయి నల్లగా, నున్నగా, తడికి మెరుస్తూ బయటపడింది. ఒక అంచున రాయి అరిగి పల్లంగా ఉంది. విల్ఫ్ ఆ పల్లంలో అరచెయ్యి పెట్టాడు.

“ఇక్కడ ఆనుకునేవాళ్ళు,” అన్నాడు.

పేజీని దించి, తాడు సరిచూసి, అక్షరాల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో మెల్లిగా సమం చేశాడు. ఆ చప్పుడు సమాధి లోపలికి వెళ్ళి బోలుగా మోగింది. నోరా ఒళ్ళు జలదరించింది. భయం కాదు. తలుపు తట్టినట్టనిపించింది.

మొదటి కాగితం పరుస్తుండగా పాదిరిగారు చర్చిలోంచి గబగబా వచ్చారు. మెత్తని మనిషి. ఎవరినైనా కోప్పడాలంటే ముందు తనే క్షమాపణ చెప్పుకుంటారు.

“నోరా, ఏమిటమ్మా ఇది? క్షమించు, కానీ బోర్డు చూడలేదా? సమాధుల మీద ఏమీ పెట్టకూడదు.”

“చూశానండీ. ఏళ్ళ తరబడి పెట్టిన పత్రిక మానేసినప్పుడు ఏ బోర్డూ పెట్టలేదు. ఇప్పుడు పెడుతుంటే బోర్డు అడ్డం వచ్చింది.”

“అది వేరు సంగతి. ఎవరొచ్చారో దేవుడికి తెలుసు కదమ్మా. పేర్లు అచ్చువేస్తేనే ఆయనకి తెలుస్తుందా?”

నోరా లేచి నిలబడి, తడిచేతులు ఏప్రనుకు తుడుచుకుంది. ఈయన ముందు ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

“మీరే పోయిన ఆదివారం చెప్పారండీ, పరలోకంలో పేర్లు రాసే పుస్తకం ఒకటుందని. నాకు అప్పటినుంచీ ఒకటే అనుమానం. అన్నీ తెలిసిన ఆయనే పేర్లు రాసి పెట్టుకుంటున్నాడే, ఏమీ తెలియని మేము రాసుకుంటే తప్పెందుకైంది?”

గాలికి కాగితం మూల లేచింది.

“ఆ మూల కాస్త పట్టుకోండి పాదిరిగారూ,” అన్నాడు విల్ఫ్ తల ఎత్తకుండా. “జరిగిందంటే మెట్‌కాఫ్‌లు అందరూ అలుక్కుపోతారు.”

పాదిరిగారు బోర్డు వైపొకసారి, రోడ్డు వైపొకసారి చూశారు. వంగి, రెండు వేళ్ళతో మూల పట్టుకున్నారు. విల్ఫ్ బ్రష్షెత్తి కొట్టడం మొదలుపెట్టాడు.

మొదటి ప్రతి లేచింది. ఈసారి మధ్యలో ఉన్నవాళ్ళు కూడా నల్లగా, నిండుగా నిలబడ్డారు. నోరా దాన్ని రాయి చివర పరిచి, గులకరాయి పెట్టింది.

సంతకు వెళ్ళేవాళ్ళు ఆగారు. సంత నుంచి వచ్చేవాళ్ళు సంచులు గడ్డిలో దించారు. బెట్టీ పీకాక్ తన పేరు చూసుకుని, కింద మొగుడి పేరు చూసి, “మోకాళ్ళ సంగతి వెయ్యలేదు, బతికించావు,” అంది. డాక్టరుగారి భార్య పేరు చూసింది. పక్క పేరు చూసింది. ముక్కు కాస్త పైకి లేచింది.

“నా పేరు ముందు ఏమీ లేదేం?”

“‘ఎం’లు అయిపోయాయమ్మా,” అన్నాడు విల్ఫ్.

“నాకు మాత్రం ఉందా?” అన్నాడు ఆమె వెనకనుంచి జెబ్ కాల్వర్ట్. “మనిద్దరం వట్టిగానే వచ్చామమ్మగారూ.” తర్వాత తన పేరు పక్కన ఉన్నది చదువుకుని అంత గట్టిగా నవ్వాడంటే, యూ చెట్టులోంచి కాకులు లేచిపోయాయి. నవ్వు ఆగాక కాగితం జాగ్రత్తగా చొక్కా లోపల పెట్టుకుని, టోపీ తీసి, సమాధి వైపు తల వంచి వెళ్ళాడు. డాక్టరుగారి భార్య ఆ వెళ్ళే మనిషిని కాసేపు చూసింది.

“నాకు ఇంకోటి ఇవ్వండి,” అంది. “మా అక్కకి పంపుతాను.”

నోరా పంచుతూనే ఉంది. విల్ఫ్ కొడుతూనే ఉన్నాడు. పాదిరిగారి వేళ్ళు నల్లబడ్డాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళే చదువుతారని తను అనుకున్నది తప్పు అని నోరా గ్రహించింది. ఒక్కొక్కరూ ముందు తన పేరు చూసుకుంటున్నారు. తర్వాత వేలు పైకి పోతోంది, కిందికి పోతోంది. ‘ఈయన కూడా వచ్చాడా?’ ‘ఈవిడ వచ్చిందా, నేను చూడనేలేదే!’ మంగళవారం ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చున్నవాళ్ళు శనివారం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మాసిన కోటు వేసుకున్న నడివయసు మనిషొకడు పక్కకు పిలిచాడు. కొండమీది పొలాలవాడు, నోరాకు మొహం తెలుసు. “గురువారం మా అమ్మని ఇక్కడికే తెస్తున్నాం. పేపర్లో వెయ్యరంటున్నారు. తలుపు దగ్గర నువ్వుంటావా?”

నోరా రోడ్డవతల ‘హెరాల్డ్’ ఆఫీసు కిటికీ కేసి చూసింది. కిటికీలో ఎవరో నిలబడి ఉన్నారు.

“పెన్సిలు చెక్కుకుని ఉంటాను,” అంది, ఆ కిటికీకి వినపడేంత గట్టిగా. “రాయి ఎక్కడికీ పోదు.”

కాసేపటికి ఆఫీసు తలుపు తెరుచుకుంది. హోల్రాయిడ్ కోటు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వస్తున్నాడు. జనం మాటలు తగ్గాయి. విల్ఫ్ బ్రష్షు కింద పెట్టి, రాతిబల్ల అంచున అరిగిన చోట చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పాదిరిగారు నల్లబడ్డ వేళ్ళను వెనక్కి దాచుకున్నారు. నోరా తన మాటలు సిద్ధం చేసుకుంది. ఇది కంపెనీ సొత్తు కాదు. ఈ అక్షరాలు మీరు పారేసినవి. ఈ రాయి మీరు కొనలేదు.

హోల్రాయిడ్ చెయ్యి చాచాడు. ఆమె ఒక ప్రతి ఇచ్చింది.

అతను అక్కడే నిలబడి చదివాడు. పైనుంచి కిందికి చదివి, మధ్యలో ఒక చోట ఆగి, వేలు పెట్టి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. కాగితం వెనక్కి తిప్పాడు. వెనక ఏమీ లేదు.

“తప్పులేమైనా ఉన్నాయా?” అంది నోరా. గొంతులో పదును ఆమెకే వినపడింది.

“లేవండీ.” అతను కాగితం వంకే చూస్తున్నాడు. “ప్రతి సోమవారం నా తప్పులు ఎర్ర పెన్సిలుతో వచ్చేవి. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత... ఈ వారం రాలేదు.” తలెత్తాడు. “నేను కూడా వచ్చానండీ, మంగళవారం.”

“చూశాను. పనిమీద వచ్చానన్నారు.”

“అవును.”

“పేర్లు ఎవరు చదువుతారన్నారు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “అవునండీ. అన్నాను.”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో మాట అనడానికి నోరా నాలిక చివర సిద్ధంగా ఉంది. యూ చెట్టు కింద గొడుగు మూసుకుని తడిసిన కుర్రాడు కళ్ళముందుకు వచ్చాడు. ఆ మాట మింగేసి, ఏప్రను జేబులోంచి పెన్సిలు తీసింది.

“పేరు?”

“మీకు తెలుసు కదండీ—”

“తెలుసు. అయినా చెప్పండి.”

“గ్రేమ్ హోల్రాయిడ్.”

“ఏ అక్షరాలు?”

ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె ఒక్కొక్కటే రాసుకుంది.

“ఎవరి తరఫున?”

హోల్రాయిడ్ వెనక్కి తిరిగి రోడ్డవతలికి చూశాడు. కిటికీ మీద ‘హెరాల్డ్’ అన్న పాత బంగారు అక్షరాలు, వాటికింద కంపెనీ కొత్త బోర్డు. చాలాసేపు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

“నా తరఫునే,” అన్నాడు. “వట్టి పేరు వెయ్యండి.”

“ఇక్కడ అందరివీ వట్టి పేర్లే,” అంటూ విల్ఫ్ వంగి తాడు విప్పాడు. జేబులో అక్షరాల పొట్లం తెచ్చుకుని ఉన్నాడు. హోల్రాయిడ్ పేరు ఎక్కడ రావాలో చూసి, మెట్‌కాఫ్‌లను ఒక లైను కిందికి జరిపి, కొత్త లైను కూర్చి, తాడు మళ్ళీ బిగించాడు. పాదిరిగారు అడగకుండానే వచ్చి కాగితం మూల పట్టుకున్నారు. బ్రష్షు లేచింది, పడింది. రాయి కింద నుంచి ఆ బోలు చప్పుడు మళ్ళీ వచ్చింది.

నోరా గులకరాయి ఎత్తి, పాత ప్రతి తీసి, కొత్తది పరిచింది. ఆ తర్వాతిది హోల్రాయిడ్ చేతికిచ్చింది. అతను తన పేరు చూసుకుని, గబుక్కున మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

“మడవకండి,” అంది. “ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా అందరికీ కనపడేలా పట్టుకోండి.”